పనిమంతుడా, పనిగల మేస్త్రీనా?

తిరుపతి నుంచి: మూడు రోజులుగా ఒక సామెత బుర్రలో తిరుగుతా ఉంది. "పని... పందిరేస్తే కుక్కతోక తగిలి కూలిందంట" అనేది మా అవ్వ. ఆ మొదటి మాట పనిమంతుడా, పనిగల మేస్త్రీనా? రూట్ అధికారం (మొత్తం యంత్రం మీద పెత్తనం) లేని సర్వర్‌లో ప్యాకేజీలన్నీ, అంటే నాకు కావాల్సిన సాఫ్ట్‌వేర్లన్నీ, సోర్స్ కోడ్ తెచ్చి చేత్తోనే కంపైల్ చేసుకున్నా. మొన్న వాటికి ఆధారంగా ఉన్న ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 తీసి 3 పెట్టగానే కర్ల్, గిట్, పైథాన్ వరసగా పడిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది అవ్వ. ఇకపై ప్యాకేజీలు పెట్టి చూసుకునే పనిముట్టుగా నిక్సా (Nix), పీకేజీఎస్‌ఆర్‌సీనా (pkgsrc), అదీ చెప్పండి.

చిత్తూరు నుంచి: మా పక్క పనిగల మేస్త్రీనే. కానీ "గల" దగ్గర ఆగండి. పని తెలిసినవాడనా, చేతినిండా పనులున్నవాడనా? నాకైతే రెండోదే. తీరిక లేక గబగబా నాలుగు గుంజలు పాతేసి పోయాడు, అందుకే కూలింది.

పుత్తూరు నుంచి: అట్లయితే ఎత్తిపొడుపు ఏమైపోయింది సార్? పని తెలిసినవాడు వేసిందే కూలాలి, అప్పుడే సామెత. పైగా మేస్త్రీ పోర్చుగీసు మాట, వాళ్ళు కాలికట్‌లో దిగింది 1498లో. పనిమంతుడే పాతది.

చిత్తూరు నుంచి: మాట కొత్తదైతే సామెత కొత్తదని ఎట్లా చెప్తాం? పాత మాట పోయి ఆ చోట్లో మేస్త్రీ దూరి ఉండొచ్చు గదా.

చంద్రగిరి నుంచి: 1498 అంటే అన్నమయ్య బతికున్న కాలమే, 1503లో గదా ఆయన పోయింది. తాళ్లపాక రాగిరేకు చూడండి, ఆయన పాటలు కట్టిన కాలం శక 1346 నుంచి 1424 దాకా (అంటే మన లెక్కన 1424 నుంచి 1503) అని కూడా చెక్కిపెట్టారు. ఆ రేకులు చదివి అచ్చుకు తెచ్చిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారినీ, వేటూరి ప్రభాకరశాస్త్రి గారినీ పరిష్కర్తలంటాం. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ బాగోగులు చూసే మెయింటెయినర్‌కీ ఆ మాటే సరిపోతుందని నేను ఎప్పటినుంచో అంటున్నా. మూలం తెచ్చుకుని, తప్పులు సరిచేసి, ఏది ఎప్పటిదో రాసిపెట్టడమే గదా ఆ పని.

తిరుపతి నుంచి: పరిష్కర్త బాగుంది అన్నా. నా ప్రశ్న?

చంద్రగిరి నుంచి: రూట్ లేదంటున్నావు కాబట్టి పీకేజీఎస్‌ఆర్‌సీ. అన్‌ప్రివిలేజ్డ్ (రూట్ అక్కర్లేని పద్ధతి) అని బూట్‌స్ట్రాప్ చేస్తే, అంటే మొదటిసారి పెట్టుకుంటే, అంతా నీ హోమ్ డైరెక్టరీలోనే కూర్చుంటుంది, మూడు నెలలకో స్థిరమైన శాఖ (స్టేబుల్ బ్రాంచ్) వస్తుంది. నిక్స్‌లో పాత లైబ్రరీ పక్కనే కొత్తది ఉంటుంది, ఒక గుంజ పీకితే పందిరంతా రాదు, అది నిజంగా గొప్ప పద్ధతి. కాకపోతే దానికి మామూలుగా సర్వర్ ఫైళ్ళన్నిటికీ పై మెట్టులోనే సొంత డైరెక్టరీ (/nix) కావాలి, రూట్ లేకుండా అది పెట్టడం నీ చేతిలో లేదు.

పుత్తూరు నుంచి: అది సరే, మీ అవ్వది ఏ ఊరు? నగరి వైపైతే అరవం మేస్తిరి చెవిన పడి ఉంటుంది.

తిరుపతి నుంచి: నగరి పక్కనే. కానీ ఆమె నోట "మంతుడు" విన్నట్టే ఉంది.

చిత్తూరు నుంచి: విన్నట్టా, విన్నావా? "గల" సంగతి ఇంకా తేలలేదు, గుర్తుంచుకోండి.