ప్రెగ్నెన్సీ వ్యాక్సిన్ స్టడీకి మైస్ (చిట్టెలుకలు) వద్దు, కుందేళ్లు పెట్టమంటున్నారు గైడ్... ఎందుకు?

పాలపిట్ట22:
హాయ్ అండి. ఎం.ఫార్మ్ సెకండియర్. తల్లికి ప్రెగ్నెన్సీలో వ్యాక్సిన్ ఇస్తే పిల్లకి యాంటీబాడీలు ఎంత వెళ్తాయి అనేది నా ప్రాజెక్ట్. మైస్‌తో ప్రపోజల్ రాసుకున్నా, చవక కదా, యానిమల్ హౌస్‌లో ఉన్నాయి కూడా, కానీ గైడ్ గారు చూసి కుందేళ్లకి మార్చు అని ఒక్క ముక్క అనేసి వెళ్లిపోయారు. ఎథిక్స్ కమిటీ ఎందుకని అడిగితే "సార్ చెప్పారు" అనలేను కదా

ఉప్మాలవర్:
మీ సార్ చెప్పింది కరెక్టే. మైస్‌లో యాంటీబాడీలు ఎక్కువ భాగం పుట్టాక పాల ద్వారా వెళ్తాయి, పిల్ల పేగులో రిసెప్టర్ (యాంటీబాడీల్ని పట్టుకునే ప్రోటీన్) ఉండి దాదాపు మూడు వారాలు లాక్కుంటూనే ఉంటుంది. మనుషుల్లో ఐజీజీ (రక్తంలో ఎక్కువగా ఉండే యాంటీబాడీ రకం) బిడ్డ కడుపులో ఉండగానే వెళ్లిపోతుంది, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో. గర్భిణులకి టీడీ (ఇదివరకు టీటీ) వేసేది ఆ లెక్క మీదేగా, పుట్టిన బిడ్డకి ధనుర్వాతం రాకుండా. కుందేలు కూడా పుట్టకముందే ఇచ్చేస్తుంది. ఆవు ఇంకో రకం, మాయ (ప్లాసెంటా) దాటి యాంటీబాడీలు ఏమీ వెళ్లవు, దూడకి జున్నుపాలు వెంటనే పట్టించమనేది అందుకే.

గుంటూరు_వెట్:
నిజమే గానీ తమ్ముడూ/చెల్లీ, కుందేలంటే చిన్న సైజు మనిషి అనుకోకు. మనుషుల్లో ఐజీజీ మాయ దాటుతుంది, కుందేల్లో యోక్ శాక్ (పిండానికి ఉండే సంచి లాంటి పొర) దాటుతుంది, వేల్స్‌లో బ్రాంబెల్ అనే ఆయన టీమ్ ఎప్పుడో తేల్చారు. పైగా కుందేలుకి ఐజీజీ ఒకటే రకం (సబ్‌క్లాస్), మనకి నాలుగు, ఐజీజీ1 బాగా దాటుతుంది ఐజీజీ2 తక్కువ. నీ ప్రశ్న సబ్‌క్లాస్‌ల మీదైతే కుందేలు పనికిరాదు. ఈ మాట కమిటీ పట్టుకునేలోపు నువ్వే ప్రపోజల్‌లో రాసెయ్.

ఉప్మాలవర్:
హా యోక్ శాక్ సంగతి వదిలేశా, థాంక్స్. ఇంకోటి, సేఫ్టీ స్టడీ వేరు ట్రాన్స్‌ఫర్ స్టడీ వేరు, కలిపేయకండి. ఫైజర్ ఆర్‌ఎస్‌వీ (పసిపిల్లల ఊపిరితిత్తులకి సోకే వైరస్) వ్యాక్సిన్ అబ్రిస్వో 2023లో అమెరికాలో గర్భిణులకి ఓకే అయింది కదా, దాని గర్భం సేఫ్టీ కుందేళ్లలోనే చూశారు.

పాలపిట్ట22:
చెల్లినే అండి 😀 కుందేలుకి 31 రోజులే కదా చూలు, రెండు డోసులు ఎలా పట్టిస్తారు?

గుంటూరు_వెట్:
మొదటి డోసు క్రాసింగ్‌కి ముందే ఇచ్చేసి బూస్టర్ చూలులో ఇస్తారు. జత కట్టాకే అండం విడుదలవుతుంది కాబట్టి డేట్ పక్కాగా తెలుస్తుంది, అదో సుఖం. పాల వాటా ఎంతో విడదీయాలంటే వ్యాక్సిన్ తల్లి పిల్లల్ని కంట్రోల్ (వ్యాక్సిన్ వేయని) తల్లి దగ్గర, కంట్రోల్ పిల్లల్ని వ్యాక్సిన్ తల్లి దగ్గర మార్చి పెట్టు. మాటిమాటికీ గూడు కెలక్కు, బెదిరితే పిల్లల్ని తినేస్తాయి కొన్ని తల్లులు. తల్లి కుందేలు పాలిచ్చేదే రోజుకి ఒకసారి, అదీ నాలుగైదు నిమిషాలు, ఇవ్వట్లేదని కంగారుపడి వేలు పెట్టేవాళ్లే ఎక్కువ. నెస్ట్ బాక్స్ మాత్రం 28వ రోజుకి పెట్టెయ్.