కాంట్, మిల్, అరిస్టాటిల్: ఎవరేం అంటున్నారో కాస్త విడమర్చి చెప్పండి

సిక్కోలు_కుర్రాడు:
సివిల్స్ మెయిన్స్ ఎథిక్స్ పేపర్‌కి చదువుతున్నాను, 250 మార్కులు, మనది ఇంజినీరింగ్. ఉపయోగితావాదం, కర్తవ్యవాదం, సద్గుణ నీతి అని పేర్లు బట్టీ పట్టేశాను గానీ కేస్ స్టడీ ఇస్తే పెన్ను కదలదు. కోచింగ్‌లో ట్రాలీ కథ చెప్పారు, ఐదుగురి కోసం ఒకర్ని చంపొచ్చా అని. మనవైపు ఉదాహరణతో ఎవరైనా చెప్తారా?

కొబ్బరితోట, కవిటి:
ట్రాలీ వదిలెయ్ తమ్ముడూ, కిడ్నీ జబ్బులతో నలిగే మన ఉద్దానానికి తెలిసిన డయాలసిస్ మిషన్‌నే తీసుకో. 1960ల మొదట్లో అమెరికాలోని సియాటిల్‌లో కిడ్నీలు పోయినవాళ్లని డయాలసిస్ మీద ఏళ్ల తరబడి బతికించడం మొదలైంది, కానీ మిషన్లు గుప్పెడు, రోగులు బోలెడు. దాంతో ఏడుగురితో ఓ కమిటీ వేశారు, పేర్లు బయటికి చెప్పకుండా. లాయరు, పాస్టరు, బ్యాంకరు, ఓ గృహిణి, అలాగన్నమాట. ఎవరికి మిషన్ ఇవ్వాలో, అంటే ఎవరు బతకాలో వాళ్లే తేల్చాలి. ఆదాయం, పిల్లలు, ఉద్యోగం, చర్చికి వెళ్తాడా లేదా, అన్నీ చూశారు.

నువ్వూ ఆ గదిలో ఉన్నావనుకో. ఉపయోగితావాదం చెప్పిన బెంథామ్, మిల్ అయితే ఎవరికిస్తే మొత్తమ్మీద ఎక్కువ మేలు అని అడుగుతారు, ముగ్గురు పిల్లల తల్లి ముందుకొస్తుంది, ఒంటరి ముసలాయన వెనక్కి పోతాడు. కర్తవ్యవాది కాంట్ 1785లో ఏమన్నాడంటే, వస్తువుకి ధర ఉంటుంది, మనిషికి ఉండేది గౌరవం, అతన్ని ఉత్త పనిముట్టుగా వాడకూడదు అని. ఆ దారిలో వెళ్లేవాళ్లు ప్రాణాలని తూకం వెయ్యడమే తప్పంటారు, చీటీలు వెయ్యండి లేదా ముందొచ్చినవాళ్లకి ముందివ్వండి అంటారు. రాల్స్ అని అమెరికా తత్వవేత్త 1971లో ఇంకో మెలిక పెట్టాడు: రేపు నువ్వే రోగివవుతావో, డబ్బున్నోడివవుతావో తెలియనప్పుడు ఏ రూలుకి ఒప్పుకుంటావో అది రాయి అని. నా ఓటు దీనికే.

మూడులాంతర్లు, విజయనగరం:
ఒక్క మాట అన్నా. చర్చికి వెళ్తాడా అని చూడటం ఉపయోగితావాదం కాదు, అది ఆ ఏడుగురి పక్షపాతం. బెంథామ్ లెక్కలో జమీందారు సుఖం, పాలేరు సుఖం రెండూ ఒకటే. పరీక్షలో ఆయన్ని మరీ విలన్‌ని చేసి రాయకండి.

సోంపేట_అమ్మాయి:
మా మావయ్యని డయాలసిస్‌కి నేనే తీసుకెళ్తుంటాను. ఒకసారి ఒళ్లంతా నీరు పట్టేసి, ఊపిరాడని ఒకావిడని చేతులమీద మోసుకొచ్చారు. ఆవిడ వంతు మర్నాడు. మావయ్య చేతికి సూది గుచ్చబోతుంటే "ముందు ఆవిడకి పెట్టండి, నాకు సాయంత్రం దాకా పరవాలేదు" అని మంచం దిగిపోయాడు. ఆయన ఏ సిద్ధాంతమూ చదువుకోలేదు. సద్గుణ నీతి చెప్పిన అరిస్టాటిల్ అడిగేది ఇదే అనుకుంటాను: ఏ రూలు అని కాదు, నువ్వెలాంటి మనిషివి అని. అది అలవాటు మీద వస్తుందంటాడు, పిరికితనానికీ దుడుకుతనానికీ మధ్య ధైర్యం ఉంటుందంటాడు. అందుకే మావయ్యకి బాగా నీరసంగా ఉన్న రోజు అలా దిగి ఉంటే నేనే తిట్టేదాన్ని. అయినా సెంటర్ నడిపేవాళ్లు మావయ్య మంచితనాన్ని నమ్ముకుని షిఫ్టులు వెయ్యలేరు కదా, అక్కడ రూలు కావాల్సిందే.

సిక్కోలు_కుర్రాడు:
ఇప్పుడు దారిలో పడ్డాను అక్కా. ఇంకొక్క డౌటు, ప్రాణం మీదికొచ్చినా అబద్ధం ఆడొద్దన్నాడట కాంట్, నిజమేనా?

మూడులాంతర్లు, విజయనగరం:
నిజమే, 1797లో వ్యాసమే రాశాడు. నీ ఇంట్లో దాక్కున్న స్నేహితుణ్ని చంపడానికొచ్చినవాడు అడిగినా సరే, అబద్ధం కూడదట. మన శుక్రాచార్యుడు దీనికి పూర్తి రివర్స్, ప్రాణం పోయే చోట, మానం పోయే చోట, పెళ్లిళ్ల విషయంలో బొంకినా పాపం అంటదని భాగవతంలో బలికి నచ్చజెప్తాడు. బలి వినలేదు, ఇచ్చిన మాట తప్పనన్నాడు. కాంట్‌ది బలి పార్టీ అనుకో. ఇది ఆన్సర్‌లో పెట్టు, పేపర్లు దిద్దేవాడికి నిద్ర మత్తు వదుల్తుంది.