మొదటి చిన్న హెలికాప్టర్‌గా ఏది కొనాలి: కోయాక్సియలా, ఒంటి రోటరా?

ఎంవీపీ నివాసి: మా పన్నెండేళ్ల అబ్బాయికీ నాకూ కలిపి ఒక చిన్న రిమోట్ హెలికాప్టర్ కొనాలనుకుంటున్నాను. ఇద్దరమూ ఇంతవరకు ఏదీ ఎగరేసినవాళ్లం కాము. ఓ మోస్తరు హాలు, పైన డాబా ఉన్నాయి; బడ్జెట్ 5,000 రూపాయల లోపు. ఒక దుకాణంలో మూడు చానెళ్ల (చానెల్ అంటే రిమోట్‌తో విడిగా నడిపే ఒక్కో కదలికట) కోయాక్సియల్ చాలన్నారు, మరో దుకాణంలో నాలుగు చానెళ్ల ఒంటి రోటర్ తీసుకోమన్నారు. అనుభవజ్ఞులు దయచేసి సలహా ఇవ్వగలరు.

భౌతికశాస్త్రం మాస్టారు: సందేహించకుండా కోయాక్సియల్ తీసుకోండి. రెండు రోటర్లు, అంటే తిరిగే రెక్కల జతలు, ఒకదానిపై ఒకటి ఉండి వ్యతిరేక దిశల్లో తిరుగుతాయి కనుక, ఒకదాని టార్క్‌ను (బొమ్మను తిప్పేసే బలాన్ని) మరొకటి రద్దు చేస్తుంది; బొమ్మ తనంతట తాను గిర్రున తిరిగిపోకుండా ఆపే తోక రోటర్‌తో పనే ఉండదు. సైమా ఎస్107 వంటివి హాల్లో మొదటి రోజే గాలిలో నిలబడతాయి. అది ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేస్తుంది కనుక ఎండలో రిమోట్ మాట సరిగా వినదు, అంతే.

గాజువాక గాలి: మాస్టారి సలహాతో ఏకీభవించలేను. మూడు చానెళ్లలో పైకీ కిందకీ, ముందుకూ వెనక్కూ పోవడం, ముక్కు తిప్పడం తప్ప పక్కకు జరగడమన్నదే ఉండదు. పక్కకు జరగలేనిదాన్ని ఎగరేసి హెలికాప్టర్ నేర్చుకున్నామనుకోవడం భ్రమ. డబ్ల్యూఎల్‌టాయ్స్ వి911 వంటి నాలుగు చానెళ్ల, ఫిక్స్‌డ్ పిచ్ (రెక్కల వాలు మారని) ఒంటి రోటర్ తీసుకోండి. దాని రెక్కలు మెత్తగా వంగుతాయి, పడినా చాలాసార్లు ఏమీ కాదు.

జగదాంబ జంక్షన్: ఏది కొన్నా, బ్యాటరీ మార్చుకునే వీలుంటే అదనంగా రెండు తీసుకోండి. ఒక చార్జింగుతో పది నిమిషాలు ఎగిరితే గొప్ప.

భౌతికశాస్త్రం మాస్టారు: నాలుగు చానెళ్లంటే ఒంటి రోటరేనని ఎవరు చెప్పారు? బ్లేడ్ ఎంసీఎక్స్ నాలుగు చానెళ్ల కోయాక్సియలే. దానిలో స్వాష్‌ప్లేట్ అనే పళ్లెం కింది రోటర్‌ను వాల్చుతుంది, అది పక్కకూ జరుగుతుంది. ముందు ఇది సరిదిద్దుకోండి.

గాజువాక గాలి: నేనా మాట అనలేదు, పైకి వెళ్లి మళ్లీ చదవండి. నేను మొట్టమొదట కొన్నది కోయాక్సియలే. డాబా మీద ఎగరేస్తే మధ్యాహ్నపు సముద్రపు గాలి దాన్ని పక్కింటి వాటర్ ట్యాంకుకు కొట్టింది. లోపలి షాఫ్ట్ ఒక్కటి కావాలని అడిగితే, అమ్మిన దుకాణదారు విడిభాగాలు లేవు, కొత్తది కొనుక్కోమన్నాడు.

భౌతికశాస్త్రం మాస్టారు: హాల్లో ఎగరవలసినదాన్ని గాలికి వదిలి, ఆ తరువాత దాన్నే తిట్టడం ఏమి న్యాయం? వి911 కూడా పట్టుమని నలభై గ్రాములు ఉంటుందో ఉండదో. ఆ గాలికి అది మాత్రం ఆగుతుందా? నాలుగు చానెళ్ల విషయానికి మీరు ఇంకా జవాబివ్వలేదు.

సీతమ్మధార: మాస్టారూ, చానెళ్ల లెక్క వదిలేయండి బాబూ.

గాజువాక గాలి: వదలరు, ఎందుకంటే అసలు మాట అది కాదు. కోయాక్సియల్‌లో స్టిక్ వదిలేస్తే అది దానంతట అది కుదురుకుంటుంది. ఒంటి రోటర్ అలా కాదు; ఒక వైపు జారడం మొదలుపెట్టాక, స్టిక్ మధ్యకు తెచ్చినా జారుతూనే పోతుంది, ఎదురు స్టిక్ ఇస్తేనే ఆగుతుంది. కొత్తవాడికి కావలసిన విద్య ఇదే. మొదటి యంత్రం దాన్ని దాచిపెడితే, రెండోది కొన్ననాడు ఆ అలవాటంతా మరచిపోయి మొదటినుంచి మొదలుపెట్టాలి. మీరు ఆ పిల్లవాడు ఏడవకూడదని చూస్తున్నారు, నేను ఆరు నెలల తరువాత అది అటకెక్కకూడదని చూస్తున్నాను.

భౌతికశాస్త్రం మాస్టారు: అవును, అదే నా ఉద్దేశం, దాచవలసిన పని లేదు. మొదటి పూటే నాలుగుసార్లు కూలితే పన్నెండేళ్లవాడు ఐదోసారి రిమోట్ పట్టుకోడు. ఇక అంతా మరచిపోవాలన్నది అతిశయోక్తి: ముక్కు మన వైపు తిరిగినప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. దానికి అలవాటుపడడమే అన్నిటికన్నా కష్టం, అది రెండిటిలోనూ ఒకటే. కోయాక్సియల్‌లో నేర్చినది ఎక్కడికీ పోదు.

రుషికొండ రెక్కలు: డాబా మీద ఎగరేసే ముందు, డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడండి. నౌకాదళం వారి వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగా మన విశాఖలోనే ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపువి నానో తరగతి, పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు, కానీ ఎక్కడ ఎగరేయవచ్చన్నది వేరే ప్రశ్న.

ఎంవీపీ నివాసి: అందరికీ కృతజ్ఞతలు. నిజం చెప్పాలంటే హెలికాప్టర్ కోరిక నాది, అబ్బాయి అడిగింది డ్రోన్.

గాజువాక గాలి: అయితే ఇంతసేపూ మేము ఎవరి గురించి వాదించుకున్నాం! మీ కోసమైతే వి911 తీసుకోండి, తోక మోటారు ఒకటి, రెక్కల జతలు రెండు ముందే కొనిపెట్టుకోండి. అబ్బాయికి డ్రోనే ఇవ్వండి.

భౌతికశాస్త్రం మాస్టారు: పెద్దవారికైనా నా సలహా మారదు. హాల్లో కుదురుగా నిలబెట్టడం వచ్చేదాకా కోయాక్సియలే, మూడు చానెళ్లది వద్దనుకుంటే నాలుగు చానెళ్లదే చూడండి.

జగదాంబ జంక్షన్: ఆ నాలుగు చానెళ్ల కోయాక్సియల్ 5,000 లోపు విశాఖలో ఏ దుకాణంలో దొరుకుతుందో మాత్రం మాస్టారు ఇంతవరకు చెప్పలేదు.