కెర్నల్ ఎంపికలో వాడేవాళ్ల మాట చెల్లాలా?

చర్చ మొదలుపెట్టినవారు

ఒకే కన్వల్యూషన్‌ని (డేటా మీద చిన్న ఫిల్టర్‌ని జరుపుతూ చేసే లెక్క) జీపీయూ మీద రకరకాలుగా చేయొచ్చు: మ్యాట్రిక్స్ గుణకారంగా మార్చి, ఎఫ్‌ఎఫ్‌టీతో (ఫాస్ట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్), గుణకారాలు తగ్గించే వినోగ్రాడ్ పద్ధతిలో. ఇలా ఒక పద్ధతిని నడిపే జీపీయూ ప్రోగ్రామే కెర్నల్. లెక్క ఒకటే. వేగం, అదనంగా పట్టే మెమరీ, జవాబులో చివరి దశాంశాలు మాత్రం మారతాయి. ఏది వాడాలో చాలావరకు పైటార్చ్ లాంటి ఫ్రేమ్‌వర్కే తేల్చేస్తుంది. ఆ నిర్ణయం మనకూ ఇవ్వాలంటాను.

నేను వేర్వేరు నిడివి ఉన్న ఆడియో ముక్కలతో మోడల్‌కి ట్రైనింగ్ ఇస్తున్నాను. వేగం కోసం పైటార్చ్‌లో క్యూడీఎన్ఎన్ (ఎన్విడియా న్యూరల్ నెట్‌వర్క్ లైబ్రరీ) బెంచ్‌మార్క్ ఫ్లాగ్ ఆన్ చేశాను. కొత్త షేప్ (డేటా కొలతలు) ఎదురైన ప్రతిసారీ అది పద్ధతుల్ని నడిపి చూసి, వేగంగా ఉన్నదాన్ని గుర్తుపెట్టుకుంటుంది. నా డేటాలో దాదాపు ప్రతి బ్యాచ్‌దీ కొత్త షేపే. అడుగడుగునా ఆగడమే. నిడివిని 64 గుణిజాలకు ప్యాడ్ చేశాక (ఖాళీ విలువలతో నింపాక) గానీ దారికి రాలేదు. కారణం పట్టుకోవడానికే రెండు రోజులు పోయాయి. ‘ఈ లేయర్‌కి ఫలానాది వాడు, వెతక్కు’ అని చెప్పగలిగితే చాలు కదా?

జవాబు 1

చెప్పకూడదనే నా అభిప్రాయం. కోడ్‌లో కెర్నల్ పేరు రాశారంటే ఆ కోడ్ ఒక కార్డుకి, ఒక లైబ్రరీ వెర్షన్‌కి, ఒక షేప్‌కి అతుక్కుపోయినట్టే. వినోగ్రాడ్ 3×3 లాంటి చిన్న ఫిల్టర్లకు బాగుంటుంది. రేపు ఎవరో ఫిల్టర్ సైజు మారుస్తారు, ఆ లైన్ ఎందుకుందో ఎవరికీ గుర్తుండదు. పైగా ఇలాంటి ప్రతి ఆప్షన్‌నీ ఫ్రేమ్‌వర్క్ వాళ్లు మిగతావాటితో కలిపి టెస్ట్ చేయాలి. మీ సమస్య ప్యాడింగ్‌తో తీరింది, సరైన మందు కూడా అదే.

జవాబు 2

మీరిద్దరూ కెర్నల్ పేరు దగ్గరే ఆగిపోయారు. వాడేవాళ్లకు బాగా తెలిసేది తమ అవసరం: మెమరీ ఎంతవరకు ఇవ్వగలరు, కచ్చితత్వం ఎంత కావాలి, రెండోసారి నడిపితే అవే అంకెలు రావాలా వద్దా. చెప్పుకునే వీలు అక్కడ ఉండాలి. ఎంఎక్స్‌నెట్ అనే ఫ్రేమ్‌వర్క్ కన్వల్యూషన్‌లో మూడు మాటలే ఉండేవి: ట్యూనింగ్ వద్దు, ఇచ్చిన వర్క్‌స్పేస్ (అదనపు మెమరీ) దాటకుండా వెతుకు, అన్నిటికన్నా వేగమైనది చూడు. అందులో ఏ కెర్నల్ పేరూ లేదు.

టీఎఫ్32 (కచ్చితత్వం తగ్గించి వేగంగా లెక్కించే పద్ధతి) సంగతే చూడండి. 2020లో ఎన్విడియా ఆంపియర్ కార్డులు వచ్చాక, పైటార్చ్ 1.7 మ్యాట్రిక్స్ గుణకారానికి దాన్ని డిఫాల్ట్‌గా ఆన్ చేసింది. మామూలు ఫ్లోట్32లో మాంటిస్సాకి (సంఖ్య అంకెల్ని ఉంచే భాగం) 23 బిట్లు, టీఎఫ్32కి 10. కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే అంకెలు మారిపోయాయి. న్యూరల్ నెట్‌వర్కులు చాలావరకు తట్టుకుంటాయి, సైంటిఫిక్ లెక్కలు చేసేవాళ్ల పరిస్థితి అది కాదు. 2022లో 1.12 వెర్షన్ దాన్ని ఆఫ్ చేసి (కన్వల్యూషన్లకు ఆన్‌గానే ఉంచింది), కచ్చితత్వం ‘హయ్యెస్ట్’, ‘హై’, ‘మీడియం’లలో ఏది కావాలో అడిగే ఫంక్షన్ ఇచ్చింది. నేను కోరేది ఇలాంటిదే.

ఇంకొకటి, నాకు ఇదే అసలు విషయం. కోరిక వేరు, షరతు వేరు. లీనియర్ ఆల్జీబ్రాకి ఇష్టమైన లైబ్రరీ చెప్పే ఫ్లాగ్ పైటార్చ్‌లో ఉంది. ఆ లైబ్రరీలో ఆ ఆపరేషన్ లేకపోతే వేరేది వాడేస్తుంది. అటెన్షన్ (డేటాలో ఏ భాగం దేనికి ముఖ్యమో తూచే లెక్క) కెర్నల్స్‌ని పరిమితం చేసే కోడ్ బ్లాక్ అలా కాదు, అనుమతించినవాటిలో ఏదీ కుదరకపోతే ఎర్రర్ ఇస్తుంది. ఒకసారి నా మోడల్ మెమరీ ఉన్నట్టుండి పెరిగిపోయింది. మెమరీ తక్కువ తీసుకునే ఫ్లాష్ అటెన్షన్ నడుస్తోందనే ధీమాతో వేరేచోట వెతుకుతున్నాను. ఆ బ్లాక్‌లో ఫ్లాష్ ఒక్కటే ఉంచి నడిపితే వెంటనే ఆగింది: నేను ఇచ్చిన మాస్క్‌ని (ఏ భాగాల్ని చూడకూడదో చెప్పేది) ఆ కెర్నల్ ఒప్పుకోదట. అన్నాళ్లూ చప్పుడు లేకుండా వేరే కెర్నల్ నడిచింది. ఆ ఎర్రర్ నాకు మేలే చేసింది.

చర్చ మొదలుపెట్టినవారు

అవసరం చెప్పే పద్ధతికి ఒప్పుకుంటాను. కానీ నా బెంచ్‌మార్క్ ఫ్లాగ్ మామూలుగా మొత్తం ప్రాసెస్‌కి వర్తిస్తుంది. నేను దిగుమతి చేసుకున్న ఏదో ప్యాకేజీ దాన్ని ఆన్ చేసినా నా మోడల్ అంతా మారుతుంది. అటెన్షన్‌కి ఉన్నట్టు దీనికీ బ్లాక్ పరిధి ఉంది, కానీ దాన్నే మామూలు పద్ధతి చేయాలి, ఏది ఎంచుకుందో లాగ్‌లో కనిపించాలి.

జవాబు 1

లాగ్‌కి నాకు అభ్యంతరం లేదు, అది ఎప్పుడో ఉండాల్సింది. బ్లాక్ పరిధి దగ్గర మాత్రం ఒక చిక్కుంది: గ్రేడియంట్ లెక్క (మోడల్‌ని ఎటు సరిదిద్దాలో తేల్చేది) ఆ బ్లాక్ దాటాక, బ్యాక్‌వర్డ్‌లో (వెనక్కి లెక్కించే దశలో) జరుగుతుంది. మీరు పెట్టిన షరతు అక్కడికీ వెళ్లాలా?