పందొమ్మిదేళ్ల తర్వాత కళింగపట్నం మొగ: పట్టిన పండుగొప్పను వదిలేయడం తప్పా?

వంశధార ఒడ్డు:
2006లో మస్కట్ వెళ్లే ముందు చివరి ఆదివారం కళింగపట్నంలోనే గడిపాను. నాన్న సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని గార మీదుగా వెళ్లిన రోజుల నుంచీ ఆ మొగ నాకు తెలుసు. మొగ అంటే వంశధార సముద్రంలో కలిసే చోటు, అక్కడ నీళ్లు రెండు రంగులుగా విడిపోతాయి. పెద్ద చేప ఆ గీత వెంబడే తిరుగుతుందని చెప్పింది తాత. సొంత తాత కాదు, అప్పట్లో మమ్మల్ని తెప్ప మీద తీసుకెళ్లిన జాలరి పెద్దాయన.

మొన్న వినాయక చవితి సెలవులకి మళ్లీ వెళ్లాను. లైట్‌హౌస్ ఉన్నచోటే ఉంది. మొగ మాత్రం నా జ్ఞాపకంలో ఉన్న చోట లేదు, ఇసుక మేట వేసి పక్కకి జరిగిపోయింది. తెప్పల బదులు ఫైబర్ బోట్లు. తాత నన్ను గొంతు విని గుర్తుపట్టాడు. "మీ నాన్న పోనాడంట కదా బాబూ" అని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మర్నాడు తెల్లారకముందే బయల్దేరాం. పోటు ఆగి పాటు మొదలయ్యే వేళకి నా రాడ్డు వంగింది. ఇరవై నిమిషాలు పట్టింది. చేప రెండుసార్లు నీటి మీదకి ఎగిరి తల విదిల్చింది. తాత చేతివల పెట్టి పైకి తీశాడు. పండుగొప్ప, ఆయన లెక్కన ఏడు కిలోలకి తగ్గదు. ఫొటో తీసుకుని నీళ్లలో వదిలేశాను. మస్కట్‌లో మా స్నేహితులందరికీ అదే అలవాటు.

ఒడ్డుకొచ్చేదాకా తాత మాట్లాడలేదు. దిగాక ఒకే మాట: "గంగమ్మ సేతికిచ్చింది. నువ్వు తల్లి మొకానే ఇసిరీసినావు." డబ్బులిస్తే ముట్టుకోలేదు.

పెద్ద చేపను వదిలితే మొగకి మేలని నేను నిజంగానే నమ్ముతాను. కానీ ఇన్నేళ్లకి వెళ్లి ఆ ముసలాయన మనసు కష్టపెట్టి వచ్చాను. నేను చేసింది తప్పా?

చేపల గంప:
తప్పే. మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని శ్రీకూర్మం చుట్టుపక్కల ఊళ్లు తిరిగి చేపలమ్మి మమ్మల్ని చదివించింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. వేటకెళ్లిన ప్రతి బోటులోనూ వాటాలుంటాయి. బోటుకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా. బోటు తాతది, డీజిలు తాతది, చేప ఎక్కడ తిరుగుతుందో తెలిసింది తాతకి. మీ వాటా మీరు వదులుకున్నారు, సరే. ఆయన వాటా ఎవర్ని అడిగి వదిలారు?

ఇంకో మాట. ఆకలి లేని మనిషి చేప నోట్లో గాలం గుచ్చి ఇరవై నిమిషాలు లాగి, ఫొటో తీసుకుని పంపేయడం నాకు చంపి తినడం కన్నా పెద్ద పాపంగా కనిపిస్తుంది. చంపితే తిండికోసం చంపామంటాం. దీనికేమని చెప్పుకుంటాం?

కోనాడ కుర్రాడు:
మాది చంపావతి మొగ. అక్కయ్య రెండో మాటకి నా ఓటు. జర్మనీలో వదిలేసే ఉద్దేశంతో చేపని పట్టడం జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధం, స్విట్జర్లాండ్‌లోనూ ఒప్పుకోరు. నొప్పి పెట్టడానికి సరైన కారణం ఉండాలంటారు, సరదా కారణం కాదంటారు.

ఒక్క చేపని వదిలితే మొగ బాగుపడుతుందా? పండుగొప్ప ఉప్పునీటిలో గుడ్లు పెడుతుంది, పిల్ల ఏరు ఎక్కి మంచినీటిలో పెరుగుతుంది. వంశధారకి హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ అడ్డంగా ఉంది. ఎక్కే దారి మూసేసి, దిగొచ్చిన ఒక్కదాన్ని వదిలి పుణ్యం మూటగట్టుకున్నామంటే ఎలా? ఏడాదికో రెండేళ్లకో ఒకసారి సెలవులకొచ్చేవాళ్లు నేర్పే దయ మా తీరానికి అవసరం లేదు.

బ్రిస్బేన్ సిక్కోలు:
తమ్ముడూ, గొట్టా సంగతి నువ్వన్నది నిజం. కానీ బ్యారేజీ కింద మొగ దాకా ఏరుంది, పక్కన ఉప్పుటేళ్లు, వరదకి నిండే మడుగులు ఉన్నాయి. మిగిలిన పిల్లలు పెరిగేది అక్కడే. దారి సగం మూసుకుపోయిందంటే గుడ్లు పెట్టే తల్లి విలువ పెరిగినట్టే కదా.

పండుగొప్ప ముందు మగచేపగా ఎదుగుతుంది. మూడు నాలుగేళ్లకి జతకి వస్తుంది. సాధారణంగా ఆరేళ్లు దాటాక ఆడదిగా మారుతుంది. అంటే మొగలో దొరికే పెద్దవన్నీ దాదాపు ఆడవే, లక్షల కొద్దీ గుడ్లు మోసేవే. నేనుండే క్వీన్స్‌లాండ్‌లో ఈ చేపకి రెండు వైపులా హద్దుంది: 58 సెంటీమీటర్ల లోపుది, 120 దాటినది ఉంచుకోకూడదు. తూర్పు తీరంలో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా, గుడ్లు పెట్టే కాలం కాబట్టి, అసలు పట్టకూడదు. మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు బోట్లకి వేట నిషేధం ఉంది. తర్వాత ఏ సైజు చేప పడినా గంపలోకే.

వంశధార ఒడ్డు గారూ, మీరు వదిలిన చేప బతికిందని మాత్రం నేను హామీ ఇవ్వలేను. వెచ్చటి నీళ్లలో ఇరవై నిమిషాలు పోరాడిన చేప అప్పటికే అలిసిపోయి ఉంటుంది. దాన్ని పైకెత్తి ఆరిన చేతులతో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోతుంది, దవడ పట్టి వేలాడదీస్తే లోపల దెబ్బ తగులుతుంది. వదలదలిస్తే లావు దారం కట్టి త్వరగా దగ్గరికి లాగాలి. నీళ్లలోనే ఉంచి గాలం తీయాలి. గాలం గొంతులోకి దిగితే పీకకుండా దారం దగ్గరికి కోసేయాలి. తలని ప్రవాహానికి ఎదురుగా పెట్టి, దానంతట అది తోక విదిల్చేదాకా పొట్ట కింద చెయ్యి పెట్టి ఉండాలి. లోతు నీళ్లలోంచి తీసిన చేపకైతే ఇదీ సరిపోదు, లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది. దాన్ని తిరిగి పంపడం చాలాసార్లు చావుకి పంపడమే.

వేరావల్ కలాసీ:
నేను పన్నెండేళ్లు గుజరాత్ బోట్ల మీద పనిచేశాను. 2018లో మన జిల్లాల వాళ్లని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారు. 2020 జనవరిలో వాళ్లు వాఘా దాటి వచ్చాక మా అమ్మ ఒట్టు పెట్టించుకుంది, ఇంక వెళ్లలేదు.

ట్రాలు వల ఎత్తినప్పుడు బోటు మీద కుప్పపడే చేపపిల్లల్ని పారలతో తిరిగి సముద్రంలోకి తోసిన చేతులివి. అన్నీ చచ్చినవే. బతికున్నదాన్ని బతికుండగా వదిలితే పాపమని నేను చచ్చినా అనను.

వేరావల్ వైపు బస్సంత సొరచేప వస్తుంది, వేల్ షార్కు. ఒకప్పుడు దాన్ని కాలేయం నూనెకి, మాంసానికి వేటాడేవారు. 2001లో చట్టం దాన్ని కాపాడింది. అయినా జనం మారింది 2004 తర్వాత, అది పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల అని ఊరూరా చెప్పించాక. అప్పటి నుంచి వలలో పడితే వల కోసి వదులుతున్నారు. మా బోటులోనూ ఒకసారి కోశాం. మా తండేలు, అంటే బోటు నడిపే పెద్ద, ఫొటోలు తీసి పంపాడు, పోయిన వలకి అటవీశాఖ నుంచి డబ్బు వచ్చింది. మాట ఎంత మంచిదైనా వల డబ్బు రాకపోయుంటే రెండోసారి కోసేవాళ్లమా? నాకు నమ్మకం లేదు.

మొగకి దిగిన పండుగొప్ప కూడా పురిటికొచ్చిందే. వదలండి. ఆ నష్టం తాత మీద పడకుండా చూడండి.

చేపల గంప:
ఈ అన్న మాట కాదనలేను. మా నాన్న వలలో తాబేలు పడితే దండం పెట్టి వదిలేవాడు, కూర్మనాథుడి గుడి అంత దగ్గర్లో పెట్టుకుని ఇంకోలా ఎలా చేస్తాడు? వల చిరిగినా ఒక్క మాట అనేవాడు కాదు. కానీ తాబేలు పొరపాటున పడింది. ఈ చేపని వెతుక్కుంటూ వెళ్లి గుచ్చారు. ఆ తేడా నా మనసులోంచి పోవడం లేదు. పెద్దది వద్దనుకుంటే పెద్దది తిరిగే చోటికి గాలం వేయకుండా ఉండొచ్చు కదా.

కోనాడ కుర్రాడు:
నేనూ అదే అడుగుతున్నాను. విమానాశ్రయం మా పక్కనే, రేపు రాడ్లు పట్టుకుని ఇంకెంతమంది దిగుతారో. ఒక తాతకి వాటా ఇస్తారు సరే, ఊరికేమిస్తారు?

వంశధార ఒడ్డు:
అందరివీ రెండేసి సార్లు చదివాను. ఊరికేమిస్తామన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ఫొటో కోసం చేపని ఎంతసేపు పట్టుకున్నానో తలుచుకుంటే బాధేసింది, ఆ ఫొటో తీసేశాను.

నిన్న మళ్లీ వెళ్లాను, బోటెక్కకుండా ముందు తాత ఇంటికి. నా మనసులో ఉన్నది చెప్పాను: మూడు నాలుగు కిలోల్లోపుది దొరికితే ఇంటికి, తల్లిచేపైతే నీటికి, ఏది జరిగినా ఆయన వాటా ముందే చేతిలో పెడతానని. ఆయన చాలాసేపు వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. "ఇదే మాట నీల్లోకి దిగకముందు సెప్పుంటే అయిపోను" అన్నాడు. ఈసారి డబ్బు తీసుకున్నాడు.

మూడు కిలోలదొకటి దొరికింది. తాత కోడలు చింతపండు పులుసు పెట్టింది, పీటేసి నాకు ముందు వడ్డించింది. నాన్న కూర్చునే చోటే కూర్చున్నాను.

పెద్దది పడలేదు. పడితే నీళ్లలోనే గాలం తీసి వదిలేయమన్నాడు తాత. అంతసేపూ తను అటు తిరిగి కూర్చుంటానన్నాడు.