అప్‌డేట్: నాన్నగారి పసుపు డయల్ సీకో వాచీ మూత తీయించాను

నాన్నగారి పెట్టెలో దొరికిన సీకో 6139 అసలైన ‘పోగ్’ వాచీయేనా అని ఇంతకుముందు అడిగాను. 1973 నవంబరులో స్కైలాబ్ 4 యాత్రలో అమెరికా అంతరిక్ష కేంద్రానికి వెళ్లి 84 రోజులు ఉన్న వ్యోమగామి విలియం పోగ్, తన సొంత పసుపు సీకోను వెంట తీసుకెళ్లారు. రోదసికి వెళ్లిన తొలి ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్‌గా (చేతి కదలికకే కీ ఎక్కే, స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీగా) అదే పేరు పొందింది.

మీరు చెప్పినట్టే వెనక మూత మీది సీరియల్ నంబరు చూశాను. 35తో మొదలైంది. మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె, రెండోది నెల. అంటే 1973 మే! ఆ అంకెలు చూసి చాలా సంతోషించాను.

లోపలి యంత్రం చక్కగా ఉంది. బాధపెట్టింది డయలే. భూతద్దంలో చూస్తే ‘సీకో’ అక్షరాల అంచులు అలుక్కుపోయి ఉన్నాయి. అసలు డయల్ వెలుగులో తిప్పితే మధ్య నుంచి కిరణాలు విచ్చుకున్నట్టు మెరవాలి. ఇది పసుపు పూసిన గడపలా అంతటా ఒకేలా ఉంది. ఎప్పుడో మళ్లీ రంగు వేయించారన్నమాట.

వాచీ బయటి కేసుకు పాలిష్ వద్దని మీరన్నారు, చేయించలేదు. అసలు డయల్ కోసం వెతుకుతున్నాను. దొరికినా దీన్ని మాత్రం పారేయను. నాన్నగారు రోజూ టైము చూసుకున్నది ఇందులోనే.