క్రూయిజ్ ఓడలోకి మడత చాకు రానిస్తారా? చెన్నై నుంచి సింగపూర్ పోయి ఓడ ఎక్కుతున్నాం

ట్రంకురోడ్డు_కావలి:

అందరికీ నమస్తే. సంక్రాంతి అయినాక అమ్మానాన్నతో కలిసి సింగపూర్ నుంచి 4 రాత్రుల క్రూయిజ్‌కి పోతున్నాం. కావలి నుంచి చెన్నై దాకా కారు, అక్కడ్నించి విమానం, సింగపూర్‌లో ఓడ. మధ్యలో పెనాంగ్, ఫుకెట్ దిగుతాం. వచ్చేటప్పుడు ఓడ దిగిన రోజే చెన్నై విమానం.

నాన్న జేబులో చాకు లేకుండా గడప దాటడు. విక్టోరినాక్స్ ఎర్ర చాకు, 91 మిల్లీమీటర్లది. రెండు బ్లేడ్లు, చిన్న కత్తెర, సీసా మూత తీసేది ఉంటాయి. జామకాయ కోయాలన్నా, పార్సిల్ తాడు తెంపాలన్నా అదే. అమ్మేమో అడకత్తెర, పండ్లు కోసే చాకు ముందే సర్దేసింది. ట్రావెల్ ఏజెంటుని అడిగితే "చెకిన్ బ్యాగులో పడేయండి సార్, ఏం కాదు" అంటున్నాడు.

నిజంగా ఏం కాదా? ఒకవేళ పట్టుకుంటే తిరిగి ఇస్తారా, చెత్తబుట్టలో వేస్తారా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

కొత్తపట్నం_అల:

మీ ఏజెంటు చెప్పింది విమానం వరకు కరెక్టే. ఓడ దగ్గర ఆ లెక్క పనికిరాదు. ఎందుకో చెప్తాను, ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతావన్నీ మీకే తెలిసిపోతాయి.

విమానంలో చెకిన్ బ్యాగు కింద కార్గోలోకి పోతుంది, దిగేదాకా మీ చేతికి రాదు. అందుకే చాకు అందులో పెట్టొచ్చు, చేతి బ్యాగులో పెట్టకూడదు. ఓడలో అట్టా కాదు. టెర్మినల్ దగ్గర పోర్టర్‌కి అప్పజెప్పిన పెద్ద సూట్‌కేసు సాయంత్రానికల్లా మీ గది తలుపు ముందు ఉంటుంది. అంటే అందులో ఏముంటే అది ప్రయాణమంతా మీ చేతిలో ఉన్నట్టే. కాబట్టి ఓడ సెక్యూరిటీకి పెద్ద పెట్టె, చేతి సంచి అన్న తేడా లేదు. రెండూ ఒకే రకం స్కానర్‌లోంచి పోవాల్సిందే, రెండింటికీ ఒకటే రూలు.

ఇది కంపెనీల చాదస్తం కూడా కాదు. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ప్రయాణికుల ఓడలన్నీ 2004 జులై 1 నుంచి ఐఎస్‌పీఎస్ కోడ్ అనే భద్రతా నిబంధనల కిందికి వస్తాయి. ఓడలోకి వచ్చే మనుషుల్ని, సామాన్లని తనిఖీ చేయడం అందులో భాగం. అందుకే మొదటి రోజుతో అయిపోదు. పెనాంగ్‌లో దిగి సాయంత్రం తిరిగి ఎక్కేటప్పుడు మీ సంచి మళ్లీ స్కానర్‌లో పడుతుంది, ఫుకెట్‌లోనూ అంతే.

ఇక కొలత సంగతి. చాలామంది పొరబడేది ఇక్కడే. 91 మిల్లీమీటర్లు అంటే మడిచినప్పుడు పిడి పొడవు, బ్లేడు పొడవు కాదు. ఆ సైజు చాకులో పెద్ద బ్లేడు 7 సెంటీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. క్రూయిజ్ కంపెనీల రూల్సులో తరచుగా కనిపించే గీత 4 అంగుళాలు, అంటే 10 సెంటీమీటర్ల చిల్లర. బ్లేడు మొన నుంచి పిడి మొదలయ్యేదాకా స్కేలు పెట్టి కొలవండి. ఆ కొలత ఒక్కటే చూస్తే మీ నాన్నగారి చాకు గీతకి లోపలే ఉంటుంది.

కానీ గీత అందరికీ ఒకటి కాదు. అమెరికా పెద్ద కంపెనీల్లోనే ఒకటి 4 అంగుళాల లోపు మడత చాకుని రానిస్తుంది, ఇంకొకటి కత్తెరకి మాత్రం ఆ కొలత ఒప్పుకుని చాకు ఏ సైజుదైనా వద్దంటుంది. అందుకని "క్రూయిజ్‌లో చాకు ఓకేనా" అని గాల్లో అడిగితే లాభం లేదు. మీ బుకింగ్ ఏ కంపెనీదో ఆ కంపెనీ సైటులో నిషిద్ధ వస్తువుల పేజీ తెరిచి, పదునైన వస్తువులు అన్న వరస చదవండి. అందులో "అన్ని చాకులూ" అని ఉందా, కొలత ఇచ్చారా అన్నదే చూడాల్సింది. కొలత ఇచ్చి ఉంటే ఈమెయిల్ పెట్టండి: బ్లేడు ఇన్ని సెంటీమీటర్లు, మడత చాకు, తెరిచాక బ్లేడుని బిగించే లాకు లేదు అని. జవాబు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. అది ఉన్నా ఆఖరి మాట ఓడ సెక్యూరిటీ ఆఫీసరుదే. కాకపోతే కాగితం చేతిలో ఉంటే మాట్లాడటానికి ఒక ఆధారం ఉంటుంది.

పండ్ల చాకు అసలు వద్దు. మడవని బ్లేడు, మొన ఉన్న చాకు అంటే అది ఎంత పొట్టిదైనా చాలా చోట్ల పక్కన పెట్టేస్తారు.

సింగరాయకొండ_ప్యాసింజర్:

మరీ భయపెడుతున్నారబ్బా. వేలమంది ఎక్కే ఓడలో వేలెడంత చాకుని ఎవరు వెతుకుతారు? సాక్సులో చుట్టి షేవింగ్ కిట్టులో పెట్టండి, పోతుంది. మన దేశంలోనే 9 అంగుళాల లోపు కత్తికి లైసెన్సు అక్కర్లేదు.

మూలాపేట_మేడ:

ప్యాసింజర్ గారూ, సాక్సు సలహా మాత్రం ఇవ్వొద్దు. దానివల్ల చిన్న సంగతి పెద్దదవుతుంది.

ఎక్స్‌రే తెర మీద బట్టలు, తిండి, ప్లాస్టిక్కు నారింజ రంగులో కనిపిస్తాయి, లోహం నీలంగా కనిపిస్తుంది. ఎంత మందంగా ఉంటే అంత ముదురు. సాక్సు నారింజ, లోపల చాకు ముదురు నీలం. చుట్టడం వల్ల దాగేదేమీ లేదు, పైగా దాచాలని చూశారన్న అనుమానం వస్తుంది. షేవింగ్ కిట్టులో రేజరు, కత్తెర, చాకు ఒకదాని మీద ఒకటి పడితే బొమ్మ అర్థంకాక మొత్తం విప్పమంటారు. పెట్టక తప్పని పరిస్థితి అయితే పైన జిప్పు అరలో విడిగా, అడ్డంగా పెట్టండి. ఒక్క చూపులో ఇది మడత చాకు అని తెలియాలి.

9 అంగుళాల మాట ఆయుధాల చట్టం నిబంధనల్లోది. బ్లేడు పొడవు 9 అంగుళాలు గానీ, వెడల్పు 2 అంగుళాలు గానీ దాటితే లైసెన్సు ప్రశ్న వస్తుంది, అందులోనూ ఇంటి పనికీ వ్యవసాయానికీ వాడేవాటికి మినహాయింపు ఉంది. అది ఇండియాలో. సింగపూర్ నేల మీద, ఓడ మీద దానికి విలువ లేదు. సింగపూర్‌లో సరైన కారణం లేకుండా బయట కత్తి పట్టుకు తిరగడమే నేరం. మీట నొక్కితే స్ప్రింగుతో తెరుచుకునే చాకు అయితే దేశంలోకి తేవడమే చిక్కు. స్విస్ చాకు ఆ రకం కాదు గానీ, పెనాంగ్‌లో గుడి చూడటానికి పోతూ జేబులో వేసుకోవడం మాత్రం తెలివైన పని కాదు.

ఇప్పుడు పట్టుకుంటే ఏమవుతుందో చెప్తాను, ఎందుకంటే ఏజెంట్లు ఇది చెప్పరు. స్కానరు దగ్గర అనుమానం వచ్చిన సూట్‌కేసుని పక్కకి లాగి, దిగువ డెక్కులో సెక్యూరిటీ గదిలో పెడతారు. అందరి పెట్టెలూ గదులకి వచ్చేస్తాయి, మీది రాదు. కొన్ని ఓడల్లో చీటీ వస్తుంది, కొన్నింటిలో మీరే రిసెప్షన్‌కి పోయి అడగాలి. అక్కడికి మీ గది కార్డు, పెట్టె తాళంచెవి తీసుకుని పోవాలి. మీ ఎదురుగానే తెరిపిస్తారు. ఎక్కిన రోజు సాయంత్రం ఆ గది ముందు లైను ఉంటుంది, ఇస్త్రీ పెట్టెలు, కరెంటు కెటిల్‌లు తెచ్చినవాళ్లంతా అక్కడే నిలబడతారు. మందులు, రాత్రికి మార్చుకునే బట్టలు ఆ పెట్టెలోనే ఉంటే ఆ పూట మీకు ఇబ్బందే. అందుకని అవి చేతి సంచిలో ఉంచండి.

అక్కడ రెండు దారులు. చాలా ఓడల్లో వస్తువు తీసుకుని, పేరు, గది నంబరు రాసి రసీదు ఇస్తారు, దిగే రోజు తిరిగి ఇస్తారు. కొన్ని కంపెనీల రూల్సులో "తిరిగి ఇవ్వబడదు" అని ముందే రాసి ఉంటుంది, ఆ మాట వెతికి చదవండి. నాన్నగారి చాకు ఖరీదైనదో, ఎవరైనా ఇచ్చిందో అయితే ఆ ఒక్క లైను కోసమే దాన్ని ఇంట్లో వదలడం మేలు.

తిరిగి ఇచ్చే చోట ఇంకో చిక్కు ఉంది. చివరి రాత్రి పెద్ద పెట్టెలు గది బయట పెట్టమంటారు, వాళ్లే తెల్లారి టెర్మినల్‌లోకి చేరుస్తారు. చాకు మాత్రం మర్నాడు పొద్దున దిగేటప్పుడు మీ చేతికి వస్తుంది. మీరు ఆ రోజే విమానం ఎక్కుతున్నారు కదా. టెర్మినల్‌లో పెట్టె అందుకోగానే అక్కడే తెరిచి చాకు అందులో వేసెయ్యాలి. మర్చిపోయి చేతి సంచితో ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ దాకా పోతే అక్కడ పోయినట్టే. ఓడ నుంచి నేరుగా ఎయిర్‌పోర్టుకి సామాను పంపే సేవ గనక తీసుకుని ఉంటే పెట్టె మీకు మధ్యలో దొరకదు, అప్పుడు చాకుకి దారే లేదు.

ట్రంకురోడ్డు_కావలి:

ఇద్దరికీ థాంక్స్. ఏజెంటు ఇందులో సగం కూడా చెప్పలేదు. ఇంకొన్ని సందేహాలు. అడకత్తెరని కత్తెర కింద లెక్కేస్తారా, చాకు కింద లెక్కేస్తారా? నాన్నకి షుగరు, ఇన్సులిన్ పెన్ను, సూదులు ఉంటాయి, వాటికేమన్నా అంటారా? చాకు లేకపోతే పండ్లు, పొట్లాలు ఎట్టా? అమ్మ పూజ సామాను కూడా పెట్టుకుంటానంటోంది.

కొత్తపట్నం_అల:

అడకత్తెర ఏ వరసలోకీ రాదు, అదే దానితో సమస్య. స్కానరు ముందు కూర్చున్న ఫిలిప్పీన్స్ కుర్రాడికో నేపాలీ కుర్రాడికో అదేంటో తెలియకపోవచ్చు. బరువైన ఇనుము, రెండు పిడులు, లోపల పదును, విప్పమని అడగటం ఖాయం. వక్కలు ఇంట్లోనే కత్తిరించి, 4 రాత్రులకి సరిపడా చిన్న డబ్బాలో పోసుకోండి, అడకత్తెరతో పనే ఉండదు. ఒక హెచ్చరిక: వక్క డబ్బాలో జర్దా, ఖైనీ, గుట్కా లాంటివేవీ కలవకూడదు. నమిలే పొగాకు సింగపూర్‌లో పూర్తిగా నిషేధం, చాకు కంటే అది పెద్ద తలనొప్పి.

పండ్లకి చాకు అక్కర్లేదు. బఫేలో పుచ్చకాయ, బొప్పాయి, అనాస కోసిన ముక్కలే పెడతారు. యాపిల్, నారింజ లాంటి కాయ గదిలో కోసుకోవాలంటే బఫే దగ్గర తినే చాకు దొరుకుతుంది, లేదంటే గది చూసుకునే మనిషిని ప్లేటు, చాకు అడగండి. ఓడలో పండు జేబులో వేసుకుని రేవులో మాత్రం దిగొద్దు, పండ్లూ మొక్కల మీద ఆ దేశాల తనిఖీ వేరే ఉంటుంది.

పొట్లాలకి, దారాలకి నెయిల్ కట్టర్ చాలు. లేదంటే మొన గుండ్రంగా ఉండే పిల్లల కత్తెర. నాన్నగారికి ఆ ఎర్ర చాకు లాంటిదే చేతిలో ఉండాలంటే విక్టోరినాక్స్‌లోనే జెట్‌సెట్టర్ అని 58 మిల్లీమీటర్ల రకం ఉంది, దానికి బ్లేడు ఉండదు, కత్తెర, మూత తీసేది ఉంటాయి. బ్లేడు లేకపోయినా విమానానికి దాన్ని పెద్ద పెట్టెలోనే వేయండి. చేతి సంచిలో కత్తెర గురించి చెన్నైలో ఒకలా, సింగపూర్‌లో ఇంకోలా వాదించాల్సిన ఖర్మ ఎందుకు?

మూలాపేట_మేడ:

ఇన్సులిన్‌కి ఎవరూ అడ్డు చెప్పరు. డాక్టరు చీటీ, అందులో మందు పేరు, సూదుల సంగతి ఇంగ్లీషులో రాసి ఉండాలి. మందు చేతి సంచిలోనే ఉంచండి. చెకిన్‌లో వేస్తే ఒకటి, పెట్టె తప్పిపోవచ్చు. రెండు, కార్గోలో చలికి గడ్డకట్టవచ్చు, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా వాడకూడదు. గదిలో ఉండే చిన్న ఫ్రిజ్ చాలా ఓడల్లో కూల్‌డ్రింకులు చల్లబరిచేంతే, ఎక్కగానే మందు ఫ్రిజ్ కావాలని అడగండి. వాడిన సూదులు చెత్తబుట్టలో వేయొద్దు, గది శుభ్రం చేసేవాళ్లకి గుచ్చుకుంటాయి. సూదుల డబ్బా అడిగితే గదికి తెచ్చిస్తారు. మాత్ర సగం చేసే డబ్బా ఉంటే దాన్ని మందుల సంచిలోనే పెట్టండి. అందులోనూ బ్లేడు ముక్క ఉంటుంది, విడిగా పడి ఉంటే లేనిపోని ప్రశ్నలు.

పూజ సామాను విషయంలో అమ్మగారికి ముందే చెప్పండి. కర్పూరం, అగరుబత్తి, ఒత్తులు గదిలో వెలిగించడం కుదరదు. ఓడలో అన్నిటికన్నా భయపడేది నిప్పుకే. పటం, కుంకుమ, పూలతో సరిపెట్టుకోవాలి. సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే అడ్డుకునే భాగం) ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా వద్దు, ఓడ వైరింగులో అది వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. అమెరికా కోస్ట్ గార్డు 2013లోనే దాని మీద హెచ్చరిక ఇచ్చింది.

సింగరాయకొండ_ప్యాసింజర్:

సరే, సాక్సు మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒక ప్రశ్న. సింగపూర్‌లో ముందు ఒక రాత్రి, తర్వాత ఒక రాత్రి అదే హోటల్లో దిగేవాళ్లయితే?

మూలాపేట_మేడ:

అది మంచి దారే. చాకు, అక్కర్లేని సామాను ఒక చిన్న సంచిలో పెట్టి హోటల్ లగేజీ గదిలో వదిలి ఓడ ఎక్కొచ్చు. కానీ కావలి వాళ్లు దిగిన రోజే విమానం ఎక్కుతున్నారు. ఆ సంచి కోసం ఊళ్లోకి పోయి రావడం దండగ.

ట్రంకురోడ్డు_కావలి:

అర్థమైంది. చాకు, అడకత్తెర, పండ్ల చాకు మూడూ ఇంట్లోనే. నాన్న "సరే" అన్నాడు గానీ, ఆయన సరే మీద నాకు నమ్మకం తక్కువ.

కొత్తపట్నం_అల:

అయితే చెన్నై ఎయిర్‌పోర్టు గేటు ముందు, కారు డ్రైవరు ఇంకా అక్కడ ఉండగానే జేబులు చూడండి. ప్యాంటు జేబు, చొక్కా జేబు, చేతి సంచి పక్క అర. దొరికితే డ్రైవరుకిచ్చి కావలి పంపించెయ్యండి. లోపలికి పోయి పెద్ద పెట్టె కౌంటర్లో ఇచ్చేశాక బయటపడితే ఆ చాకుని వదులుకోవడం తప్ప మార్గం లేదు.